చెరొక పిల్ల

మా ఇంటికి టీవీ వచ్చిన కొత్తల్లో ఆదివారం సాయంత్రం అయ్యేసరికి హాలు నిండిపోయేది. నలుపు తెలుపు పెట్టె. దానికి రెండు చెక్క తలుపులు. సినిమా వేళకి మా నాన్నగారు దేవుడి మందిరం తీసినంత భక్తిగా ఆ తలుపులు తీసేవారు. పక్కింటి మామ్మగారు తన పీట తానే తెచ్చుకునేవారు. ఎదురింటి కోడలుపిల్ల చేటలో బియ్యం పోసుకుని వచ్చి, బొమ్మ మీద ఒక కన్నూ బియ్యంలో రాళ్ళ మీద ఒక కన్నూ వేసి కూర్చునేది. పిల్లలం ముందు చాప మీద. మా అమ్మా, పిన్నీ మాత్రం వంటింటి గుమ్మానికి చెరో పక్కా జేరబడేవారు. పొయ్యి మీద ఎప్పుడూ ఏదో ఒకటి వుండేది గనక.

అలా ఒక ఆదివారం 'లేత మనసులు' వచ్చింది. మీలో చాలామంది చూసే వుంటారు. చూడనివాళ్ళు కూడా అందులో పిల్లల్నీ దేవుణ్ణీ కలిపి పాడిన పాట వినే వుంటారు. మొగుడూ పెళ్ళాలు విడిపోతారు. కవల ఆడపిల్లల్లో ఒకత్తి తండ్రి దగ్గరా, ఒకత్తి తల్లి దగ్గరా పెరుగుతారు. ఒకరున్న సంగతి ఒకరికి తెలియదు. బళ్ళో ఎదురుపడతారు, ముందు పోట్లాడుకుంటారు, తరవాత అసలు విషయం కనిపెడతారు, ఒకరి ఇంటికి ఒకరు వెళతారు, చివరికి పెద్దవాళ్ళని కలుపుతారు. అదీ కథ.

ఆఖరి ఘట్టానికి వచ్చేసరికి హాల్లో ముక్కు చీదని వాళ్ళు లేరు. మామ్మగారు పమిటచెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఎదురింటి కోడలు బియ్యం సంగతే మరిచిపోయింది. నేనూ ఏడుస్తూనే ఎందుకో వెనక్కి తిరిగి చూశాను. గుమ్మానికి ఒక పక్క అమ్మ వుంది. రెండో పక్క ఖాళీ. పిన్ని లోపల పొయ్యి దగ్గర నించుని పాలగిన్నెలో గరిటె తిప్పుతోంది. ఆ పాలు అప్పటికే కాచి దించేసినవి. పొయ్యి ఆర్పేసి వుంది.

పిన్ని మా ఇంట్లోనే వుండేది, కొడుకుతో సహా. బాబాయి ఎక్కడో వున్నాడనీ, ఆ ప్రసక్తి ఎత్తకూడదనీ మా పిల్లలందరికీ తెలుసు. అంతకుమించి తెలియదు.

చాలా ఏళ్ళ తరవాత, బి.ఏ. చదువుతుండగా, కాలేజీ లైబ్రరీలో అట్ట వూడిన ఒక పాత ఇంగ్లీషు పుస్తకం చేతికొచ్చింది. పేరు 'లాటీ అండ్ లీసా'. పిల్లల పుస్తకం. నాలుగు పేజీలు తిప్పానో లేదో, "ఇదేమిటి, మన జమున సినిమా!" అని పైకే అనేశాను. లైబ్రేరియన్‌గారు కళ్ళజోడు మీదనుంచి చూశారు. మన కథని ఎవరో ఇంగ్లీషువాళ్ళు ఎత్తుకుపోయారని నా మొదటి కోపం. తీరా మొదటి పేజీకి వెళ్ళి చూసుకుంటే అది జర్మన్ పుస్తకానికి అనువాదం. అసలు పుస్తకం 1949 నాటిది. మన సినిమా 1966 నాటిది. ఎవరు ఎవరి దగ్గర ఎత్తుకొచ్చారో లెక్క తేలిపోయింది.

ఆ పుస్తకం రాసినాయన ఎరిక్ కెస్ట్నర్. 1899లో డ్రెస్డెన్ నగరంలో పుట్టాడు. 1929లో 'ఎమిల్ అండ్ ది డిటెక్టివ్స్' అన్న పిల్లల నవలతో లోకమంతా పేరు తెచ్చుకున్నాడు. హిట్లర్ వచ్చాక, 1933 మే 10న బెర్లిన్ నడిబొడ్డున పుస్తకాలు కుప్పపోసి తగలబెట్టారు గదా, అందులో ఈయనవీ వున్నాయి. రచయితలు చాలామంది అప్పటికే దేశం విడిచిపోయారు. ఈయన పోలేదు. పైగా ఆ రాత్రి గుంపులో నించుని తన పుస్తకాలు కాలిపోవడం తన కళ్ళతోనే చూశాడు. తరవాత పన్నెండేళ్ళు ఆయన్ని స్వదేశంలో రాయనివ్వలేదు. మధ్యలో ఒకసారి మాత్రం మారుపేరుతో ఒక పెద్ద సినిమాకి కథనం రాయనిచ్చి, అదయ్యాక మళ్ళీ నోరు కట్టేశారు.

ఆ సినిమా తీసిన దర్శకుడు యోసెఫ్ ఫాన్ బాకీ కోసమే 1942లో కెస్ట్నర్ ఇంకో కథ ఆలోచించాడు. పైన యుద్ధ విమానాలు తిరుగుతున్న రోజుల్లో, రాయకూడదన్న మనిషి ఆలోచించిన కథేమిటయ్యా అంటే, విడిపోయిన అమ్మానాన్నల్ని కలిపే ఇద్దరు ఆడపిల్లల కథ! అప్పట్లో అది తెరకెక్కలేదు. యుద్ధం ముగిశాక దాన్నే నవలగా రాశాడు. 1950లో అదే బాకీ సినిమా తీశాడు. నిజమైన కవల పిల్లలు, గ్యుంటర్ అక్కచెల్లెళ్ళు, ఆ పాత్రలు వేశారు. కథ చెప్పే గొంతు కెస్ట్నర్‌దే. 1951లో పశ్చిమ జర్మనీ మొట్టమొదటిసారిగా చలనచిత్ర పురస్కారాలు ఇచ్చినప్పుడు ఉత్తమ చిత్రంగా ఎంచినది ఈ సినిమానే. ఊళ్ళకి ఊళ్ళు కూలిపోయి, మగవాళ్ళు యుద్ధం నుంచి వచ్చినవాళ్ళు వచ్చి, రానివాళ్ళు రాక, వచ్చినవాళ్ళతో కూడా కాపురాలు అతకక చెదిరిపోయిన దేశమది. అక్కడి ఆడవాళ్ళు ఆ హాల్లో కూర్చుని ఎలా ఏడ్చి వుంటారో నాకు మా మామ్మగారి పమిటచెంగుని బట్టి తెలుసు.

ఇక పుస్తకం సంగతి. అందులో పిల్లలు లూయిజె, లోట్టె. తొమ్మిదేళ్ళవాళ్ళు. లూయిజె వియన్నాలో తండ్రి దగ్గర పెరుగుతుంది. ఆయన సంగీతకారుడు, ఆపెరాలో వాద్యబృందాన్ని నడిపిస్తాడు. లోట్టె మ్యూనిక్‌లో తల్లి దగ్గర. తల్లి ఒక బొమ్మల వారపత్రికలో ఉద్యోగం చేస్తుంది. పత్రికలో ఏ ఫోటోలు వెయ్యాలో ఎంచడం ఆమె పని. పొద్దున పోతే చీకటి పడ్డాక వస్తుంది. అందుకని తొమ్మిదేళ్ళ లోట్టె బజారుకి వెళుతుంది, కూరలు తెస్తుంది, వంట చేస్తుంది, అమ్మ వచ్చేసరికి బల్ల మీద పళ్ళేలు సర్దుతుంది. జడలు బిగించి వేసుకున్న, నవ్వని పిల్ల. లూయిజె అలా కాదు. ఉంగరాల జుట్టు, గారాబం, నోటి దురుసు.

వేసవి సెలవుల్లో పిల్లల కోసం పెట్టిన వసతి గృహంలో ఇద్దరూ కలుస్తారు. చోట్లు మార్చుకోవాలని నిర్ణయించుకున్నాక, ఏం చేస్తారో తెలుసా? చెరో నోటుపుస్తకం తెచ్చుకుని, ఇంట్లో ఏ వస్తువు ఎక్కడుంటుంది, ఎవరిని ఏమని పిలవాలి, ఏ టీచరు ఎలాంటిది, అన్నీ పరీక్షకి చదివినట్టు రాసుకుంటారు. అయినా సరే, లూయిజె మ్యూనిక్ వెళ్ళి వంటింట్లో తెల్లమొహం వేస్తుంది. పప్పు ఎంతసేపు వుడకాలో నోటుపుస్తకంలో రాసుకున్నంత మాత్రాన వంట వచ్చేస్తే మనకింత చాకిరీ ఎందుకు! అక్కడ వియన్నాలో లోట్టెకి ఇంకో కష్టం. వాళ్ళ నాన్నతో హోటల్‌కి వెళ్ళినప్పుడల్లా లూయిజెకి ఇష్టమైన తీపి అట్లు వరసపెట్టి తినాలి. ఈ పిల్లకేమో అవి గిట్టవు. కళ్ళు మూసుకుని మింగుతుంది.

నాకు అన్నిటికన్నా నచ్చిన ఘట్టం అది కాదు. తండ్రి ఇంట్లో ఒక వంటమనిషి వుంటుంది. వచ్చిన నాలుగు రోజుల్లోనే లోట్టె పద్దుల పుస్తకం తెరిచి చూసి, ఆవిడ ఇన్నాళ్ళూ ఎంత నొక్కేస్తోందో పట్టేస్తుంది. గోల చెయ్యదు. మర్నాటి నుంచి పద్దు తాను రాస్తుంది, అంతే. ఈ పిల్లకి లెక్కలు ఎవరు నేర్పారు? బడి నేర్పలేదు. నెలాఖరున అమ్మ సంచి ఎంత తేలికగా వుంటుందో చూసి నేర్చుకుంది. పిల్లలు పెద్దవడం అంటే ఇదేనని ఎవరూ మనకి చెప్పరుగానీ, ఇదే.

కెస్ట్నర్‌కి ఇదంతా ఎలా తెలిసింది అంటే, తన ఇంట్లోనే చూశాడు. వాళ్ళమ్మ ఐడా ముప్ఫై అయిదేళ్ళ వయసులో జుట్టు దువ్వే పని నేర్చుకుని, పడగ్గదిలోనే ఒక మూల దుకాణం పెట్టి, ఇంటింటికీ తిరిగి కొడుకుని చదివించింది. ఒక్కగానొక్క కొడుకు. 1957లో రాసుకున్న చిన్ననాటి జ్ఞాపకాల్లో ఆయన ఒక సంగతి చెప్పాడు. కొన్నిసార్లు బడి నుంచి వచ్చేసరికి వంటింటి బల్ల మీద చీటీ వుండేదట. ఇక తన వల్ల కాదని అమ్మ రాసిన చీటీ. పిల్లవాడు నది మీది వంతెనల వెంట పరిగెత్తి వెతికేవాడు. ఒక వంతెన మీద, నీళ్ళకేసి చూస్తూ నిలబడి వుండేది ఆవిడ. చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చేవాడు. పెద్దవాళ్ళని ఇంటికి తీసుకొచ్చే పిల్లల కథ ఆ మనిషి ఎందుకు రాశాడో నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

విడాకుల గురించి పిల్లల పుస్తకమా అని పెద్దలు విరుచుకుపడతారని ఆయనకి ముందే తెలుసు. అందుకని కథ మధ్యలోనే ఆగి జవాబు చెబుతాడు. షర్లీ టెంపుల్ అని హాలీవుడ్‌లో ప్రపంచమంతా మెచ్చిన పాప వుండేది గదా, ఆ పాప తాను నటించిన సినిమా తానే చూద్దామని వెళితే, చిన్నపిల్లవి, నువ్వు చూడకూడదు అని లోపలికి రానివ్వలేదట. నటించొచ్చు, చూడకూడదు! విడాకుల కష్టం పడేది పిల్లలే అయినప్పుడు, దాన్ని గురించి చదవడానికి మాత్రం తగరా అని ఆయన ప్రశ్న. ఇంకో మాట కూడా కలుపుతాడు. తల్లిదండ్రులు విడిపోయినందువల్ల బాధపడే పిల్లలున్నట్టే, విడిపోనందువల్ల బాధపడే పిల్లలు కూడా వున్నారని. ఈ రెండో మాట పిల్లల పుస్తకంలో 1949లో రాయడానికి గుండె కావాలి.

పుస్తకంలో దుర్మార్గులెవరూ లేరు. తండ్రికి కాబోయే రెండో భార్య ఒకామె వుందిగానీ, మొదటి కాపురం కూలిపోవడానికి ఆమె కారణం కాదు. ఇంట్లో ఇద్దరు పసిపిల్లలు ఒకేసారి ఏడుస్తుంటే సంగీతం రాసుకోలేక తండ్రి వేరే చోట గది తీసుకున్నాడు. ఇరవై ఏళ్ళ భార్యకి మనసు విరిగింది. అంతే. చివర్న ఇద్దరూ మళ్ళీ పెళ్ళి చేసుకున్నాక కెస్ట్నర్ ఏం చేస్తాడంటే, ఆయన పనిగదిని సరిగ్గా ఎదురు వాటాలోకి మారుస్తాడు. మనసులు కలిశాయి కదా అని వదిలెయ్యడు. గది సమస్య గది సమస్యే. ఇంత ఇంగితం వున్న సుఖాంతం నేను మరెక్కడా చదవలేదు.

ఆ పిల్లల పేర్ల వెనకా ఒక సంగతి వుంది. నవల్లో తల్లి పేరు లూయిజెలోట్టె. ఆ పేరుని రెండుగా తుంచి పిల్లలకి చెరో ముక్కా పెట్టుకున్నారు. నిజజీవితంలో కెస్ట్నర్‌తో కలిసి బతికిన పత్రికా రచయిత్రి పేరు లూయిజెలోట్టె ఎండర్లె. ఆమెని ఆయన పెళ్ళి చేసుకోలేదు. అసలు ఎవర్నీ చేసుకోలేదు. 1957లో వేరొకామె వల్ల ఒక కొడుకు పుట్టాడు కూడా. ఏ మాటకామాటే చెప్పుకోవాలి. ప్రపంచంలో ఇన్ని కాపురాలు తెర మీద కలిపినాయన తన ఇల్లు చక్కబెట్టుకోలేకపోయాడు.

అక్కణ్ణించి ఈ కథ దేశాలు పట్టింది. జపాన్‌లో 1951లోనే తీశారు. పాటలతో అప్పటికే పేరుపడ్డ బాలనటి హిబారి మిసోరా అందులో నటించింది. ఇంగ్లండులో 1953లో ఎమెరిక్ ప్రెస్‌బర్గర్ తీశాడు. 1961లో డిస్నీ వాళ్ళు 'ది పేరెంట్ ట్రాప్' తీశారు. అక్కడ కవలలు లేరు, హేలీ మిల్స్ అనే ఒక్క అమ్మాయే ఇద్దరుగా నటించింది. కెమెరా కంటికి సగం గంత కట్టి ఒకసారి, రెండో సగానికి కట్టి ఇంకోసారి తియ్యడం, లేదా వీపు మాత్రం కనపడేలా మరో అమ్మాయిని నిలబెట్టడం, ఇలాంటి తంటాలు. దర్శకుడు డేవిడ్ స్విఫ్ట్ ఈ గారడీ కాస్తతో సరిపెడదామనుకుంటే, వాల్ట్ డిస్నీ ఇంకా కావాలన్నాడట. ఆయనకి తెలుసు, జనం కథ కోసం వచ్చినా ఒకే ముఖం రెండుచోట్ల కనపడే వింత కోసం మళ్ళీ వస్తారని.

ఈ ప్రయాణంలో నేను గమనించింది ఒకటుంది. అమెరికా చేరేసరికి తల్లి ఉద్యోగం పోయింది. ఆమె బోస్టన్‌లో పుట్టింటి పెద్ద మేడలో వుంటుంది. తండ్రికి కాలిఫోర్నియాలో గుర్రాలూ పశువులూ వున్న ఎస్టేటు. పిల్లలిద్దరికీ ఏ లోటూ లేదు. అందుకని లోట్టె చేసిన వంటలూ, రాసిన పద్దులూ కథలో అక్కర్లేకపోయాయి. ఆ నవ్వని పిల్ల ఎక్కడో దారిలో దిగిపోయింది. విడాకులు మాత్రం అలాగే వున్నాయి. బోస్టన్ ఇంట్లో కాస్త పెత్తనం చేసే అమ్మమ్మ, ఆవిడ మాటకి తలూపే తాతయ్యా వున్నారు. ఈ అమ్మమ్మని గుర్తుపెట్టుకోండి, మద్రాసులో ఆవిడతో పని వుంది.

మద్రాసులో ఎ.వి.ఎం. వాళ్ళు 1965లో తమిళంలో 'కుళందయుమ్ దైవముమ్' తీశారు. కథ జావర్ సీతారామన్‌ది. దర్శకులు కృష్ణన్-పంజు, ఇద్దరు మనుషులు ఒక్కటిగా పనిచేసిన జంట. కవలల సినిమాకి సరిపోయినవాళ్ళే. కవలల వేషాలు కుట్టి పద్మిని అనే ఒక్క పాపే వేసింది. తల్లి మన జమున. మరుసటేడు అదే జమునా అదే కుట్టి పద్మినితో, హరనాథ్ తండ్రిగా, తెలుగులో 'లేత మనసులు' వచ్చింది. 1968లో హిందీలో 'దో కలియా'. అందులో బేబీ సోనియా పేరుతో రెండు పాత్రలు వేసిన పాపే తరవాత నీతూ సింగ్ అయింది. ఒకే సంస్థ, ఒకే దర్శకులు, నాలుగేళ్ళలో మూడు భాషలు.

తెలుగులో జమునని తల్లిగా పెట్టడంలో ఒక తెలివి వుంది. 'గుండమ్మ కథ'లో గారాల కూతురు ఆవిడే. 'లేత మనసులు' వచ్చిన 1966లోనే 'శ్రీకృష్ణ తులాభారం'లో సత్యభామా ఆవిడే. పౌరుషంతో మొగుణ్ణి కాదనుకునే ఆడదంటే మన జనానికి జమున మొహమే గుర్తొచ్చేది. ఆ మొహం మీద కన్నీరు చూడటం కోసం టిక్కెట్టు కొనుక్కునేవారు కూడా. ఇందులో నాకు కొంచెం అభ్యంతరం వుంది, అయినా ఏడిచినవాళ్ళలో నేనూ వున్నాను.

ఇక్కడికొచ్చేసరికి తల్లి ఉద్యోగం సరే, విడాకులు కూడా పోయాయి. పిల్లలు కలిసే చోటు వేసవి విడిది కాదు, బడి. విడదీసేది చట్టం కాదు, అత్తగారు. డబ్బున్న అమ్మగారికి అల్లుడు ఇల్లరికం వుండాలి, చెప్పినట్టు వినాలి. అతనికి పౌరుషం. మధ్యలో కూతురు నలుగుతుంది. బోస్టన్ అమ్మమ్మ మన వూరొచ్చి గుండమ్మకి తోడబుట్టువైందన్నమాట. విడాకులకి చట్టం లేదా అంటే, వుంది. 1955 హిందూ వివాహ చట్టం ఆ హక్కు ఇచ్చి అప్పటికి పదకొండేళ్ళు. కాకపోతే ఇద్దరూ ఇష్టపడి విడిపోవడానికి వీల్లేదు, ఒకరి తప్పు ఇంకొకరు కోర్టులో నిరూపించాలి. ఇద్దరి అంగీకారంతో విడాకులన్నది 1976 సవరణతో గానీ రాలేదు. తప్పెవరిదో తేల్చాల్సిన రోజుల్లో, భార్యదీ కాదు భర్తదీ కాదు, అత్తగారిదని సినిమా తేల్చేసింది. అందువల్ల కలపడం సులువైంది. అత్తగారి అహం అణిగితే చాలు, మొగుడూ పెళ్ళాలు ఒకరికొకరు ఏమీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. తెర ముందు కూర్చున్న మనకి అంత హాయి అందుకే. ఇంట్లో ఏళ్ళతరబడి తెగని మాట, ఇద్దరు పసివాళ్ళు నవ్వుతూ వచ్చి తెంచేస్తారు. మనం నోరు విప్పే పని లేదు.

పిల్లల్ని చెరొకర్నీ పంచుకోవడం కూడా సినిమా లెక్కే. 1956 చట్టం తండ్రినే సంరక్షకుడన్నా, అయిదేళ్ళు నిండని బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే వుండాలంది. ఇద్దరు పసికందులుంటే ఇద్దరూ తల్లి దగ్గరే అని కదా అర్థం. కెస్ట్నర్ పిల్లలు ఈ పంపకం గురించి ఊరుకోరు. మమ్మల్ని సగం సగం చేసేముందు మమ్మల్ని ఒక్క మాట అడగొద్దా అని వాళ్ళకి కోపం వస్తుంది. మన సినిమా పిల్లలు మంచివాళ్ళు. వాళ్ళకి కోపం రాదు, పాట వస్తుంది.

ఇదంతా చదువుకున్నాక నాకు తట్టిందేమిటంటే, ఈ కథ జర్మనీ నుంచి రాకముందే మనదగ్గర దీని తోబుట్టువు వుంది. విడిపోయిన ఆలుమగలు, కవల పిల్లలు, ఎవరో తెలియకుండానే తండ్రికి ఎదురుపడటం. లవకుశులు కాకపోతే ఇంకెవరు? సి. పుల్లయ్యగారు 1934లో ఒకసారి 'లవకుశ' తీశారు. మళ్ళీ ఆయనే మొదలుపెట్టి, కొడుకు సి.ఎస్. రావుగారు పూర్తి చేసిన రంగుల 'లవకుశ' 1963లో వచ్చింది. రాముడు ఎన్.టి.ఆర్., సీత అంజలీదేవి, పిల్లలు నాగరాజు, సుబ్రహ్మణ్యం. మా అమ్మమ్మ పక్క వూళ్ళో ఆడుతుంటే బండి కట్టించుకుని వెళ్ళి చూసిందట. ఒకసారి కాదు, మూడుసార్లు. మూడోసారి ఇంటికొచ్చి తాతయ్యతో రెండు రోజులు మాట్లాడలేదని మా అమ్మ చెప్పేది. తాతయ్య చేసిన తప్పేమీ లేదు పాపం, రాముడి తప్పే.

అక్కడ పిల్లలు చెయ్యాల్సిందంతా చేశారు. పాడారు, యుద్ధం చేశారు, తండ్రి ఎవరో తెలుసుకున్నారు, తల్లినీ తండ్రినీ ఒక చోట నిలబెట్టారు. ఆ తరవాత సీత ఏం చేసింది? రాముడి వెంట వెళ్ళలేదు. తల్లి భూదేవిని పిలిచి, ఆమె ఒళ్ళోకి వెళ్ళిపోయింది. పిల్లలు కలిపినంత మాత్రాన కలవాలని లేదని మన పాతకథ ఎప్పుడో చెప్పింది. 1963లో అది చూసి ఏడ్చిన ఆడవాళ్ళే, నాలుగేళ్ళు తిరక్కుండా 'లేత మనసులు' చూసి ఏడ్చారు. రెండు ఏడుపులూ ఒకటి కావు. మొదటిదానికి ఇంటికొచ్చి మొగుడితో మాట్లాడలేదు. రెండోదానికి ఇంటికొచ్చి పాయసం చేసి వుంటారు. మనకి రెండూ కావాలి. ఒక్క సీత కథతోనే ఎవరు బతకగలరు చెప్పండి?

తల్లి ఉద్యోగం సంగతి చెప్పడం మరిచాను. 1998లో డిస్నీ వాళ్ళే 'ది పేరెంట్ ట్రాప్' మళ్ళీ తీశారు. దర్శకురాలు నాన్సీ మేయర్స్. ఇందులో తల్లి లండన్‌లో పెళ్ళి గౌన్లు రూపొందించే కంపెనీ నడుపుతుంది. ముప్ఫై ఏడేళ్ళ నిరుద్యోగం తరవాత ఆమెకి మళ్ళీ పని దొరికిందన్నమాట. ఇద్దరు పిల్లల దగ్గరా అమ్మానాన్నల ఫోటో చెరో సగం చింపింది వుంటుంది. రెండు ముక్కలూ కలిపి చూసుకుంటారు.

మొన్న వేసవిలో మా అమ్మాయి ఆ సినిమా లాప్‌టాప్‌లో పెట్టుకు చూస్తోంది. పిన్ని మా ఇంటికి వచ్చి వుంది. ఇప్పుడు డెబ్భై దాటింది. మోకాళ్ళ నెప్పులకి నూనె రాసుకుంటూ, మనవరాలి పక్కనే మంచం మీద కూర్చుని చూసింది. ఇంగ్లీషు అర్థమయ్యేది కాదుగానీ, కథ అర్థమవడానికి ఆవిడకి భాష అక్కర్లేకపోయింది. ఈసారి మధ్యలో లేవలేదు. అయ్యేదాకా కూర్చుంది.

ముప్ఫై ఏళ్ళకి పైగా అడగని మాట అడిగాను. "పిన్నీ, ఆ రోజు 'లేత మనసులు' వస్తుంటే లోపలికి వెళ్ళిపోయావెందుకు? పాలు కాగిపోయే వున్నాయిగా?"

గుర్తులేదంటుందనుకున్నాను. నూనెసీసా మూత బిగిస్తూ, "వాళ్ళకి ఇద్దరు పిల్లలే. చెరొకరూ తీసుకుని, ఎవరి పంతం వాళ్ళు నిలబెట్టుకున్నారు" అంది. "నాకు వీడొక్కడే. మీ బాబాయి పంపించమని అప్పటికి మూడు ఉత్తరాలు రాశారు. ఒక్కణ్ణి ఎలా పంచుకుంటామే?"

నాకు తెలియదు, ఆ ఉత్తరాల సంగతి. మా అమ్మకి తెలుసేమో. ఇప్పుడు అడగడానికి అమ్మ లేదు. పిన్ని కొడుకు మా తమ్ముడితోపాటే పెరిగి, చదువుకుని, ఉద్యోగంలో స్థిరపడ్డాడు. బాబాయిని వాడు పెద్దయ్యాక ఒకసారి వెళ్ళి చూసి వచ్చాడట. ఏం మాట్లాడుకున్నారో పిన్ని అడగలేదు, వాడు చెప్పలేదు.

మా అమ్మాయికి ఈ మాటలేవీ పట్టలేదు. "అమ్మమ్మా, నీకో సంగతి తెలుసా? వాళ్ళు కవలలు కాదు. ఒకే అమ్మాయి రెండు వేషాలూ వేసింది. సగం సగం తీసి అతికించారు" అని వెనక్కి తిప్పి, ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డ చోట ఆపి చూపించింది.

పిన్ని కళ్ళజోడు సర్దుకుని తెరకి దగ్గరగా వంగింది. చాలాసేపు అటూ ఇటూ చూసింది.

"అయితే ఆ పిల్లా ఒక్కత్తేనా!" అంది.